చెవికీ భుజానికీ మధ్య నాలుగు వేళ్ళు

తెలంగాణలో దొరల రాజ్యం తుపాకులతో పడిపోలేదు. కొడకండ్ల దగ్గర ఒక మంగలి జనం చెవులకు వేలాడదీసిన మూరెడు దారంతో పడిపోయింది.

ఈ మాట కొంచెం ఎక్కువైంది. తుపాకులు పట్టినవాళ్ళ మనవలూ మనవరాళ్ళూ ఇంకా ఊళ్ళల్లోనే ఉన్నారు, వింటే ఊరుకోరు. కాబట్టి సగానికి తగ్గిద్దాం. దొరలందరూ కాదు, ఒక్క దొర. ఆ ఒక్క దొర కూడా పడిపోలేదు, కాస్త వెనక్కి ఒరిగాడు. దారం మాత్రం నిజం. దాని చివర కట్టిన సీసపు గుండు కూడా నిజం. ఇంతకంటే తగ్గించడం కుదరదు. తగ్గిస్తే చెప్పడానికి ఏమీ మిగలదు.

ఆ మంగలి పేరు పోశాలు. కొడకండ్లకు రెండు కోసుల దూరంలో ఉన్న ఊరు అతనిది. ఊళ్ళో ఎవరి తలైనా అతని రెండు వేళ్ళ కిందికి రావలసిందే. మెడ వెనక చూపుడువేలూ నడిమివేలూ ఆనించి "తల వంచు" అన్నాడంటే, చిల్పూరు గుట్ట మీద పుట్టువెంట్రుకలకు తెచ్చిన పసిపిల్లలు కూడా ఏడుపు ఆపి వంచేవారు. మీసం రెండు కొసలూ బియ్యపుగింజంత తేడా లేకుండా కత్తిరించేవాడు. కొలత విషయంలో అతనికి ఉన్న గర్వం అంతా ఇంతా కాదు. "పోశాలు నోట తప్పు కొలత రాదు" అని ఊరు అనేది. ఊరు అనకపోతే తానే అనుకునేవాడు.

ఆ ఊరి దొర సంజీవరావు. కోటలాంటి ఆయన గడీ ముందు నుంచి నడవాలంటే చెప్పులు చంకలో పెట్టుకోవాలి, రుమాలు విప్పి భుజాన వేసుకోవాలి, తల వంచాలి. అలాంటి దొర కూడా ప్రతి బుధవారం పొద్దున పీట మీద కూర్చుని ఒక మనిషి ముందు తల వంచేవాడు. ఆ మనిషి పోశాలు. ఈ సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. కల్లు తాగినప్పుడు మాత్రం అందరూ అంటారు.

అవి దొరల మీద రైతుల సంగం లేచిన రోజులు. నైజాం ఇంకా హైదరాబాదులో ఉన్నాడు కానీ చుట్టుపక్కల ఊళ్ళల్లో ఎట్టిచాకిరి మానేస్తున్నారు, గుత్ప కర్రలు పట్టుకుంటున్నారు, పాటలు కడుతున్నారు. ఈ ఊళ్ళో ఇంకా ఏమీ జరగలేదు. ఏమీ జరగకపోవడమే దొరకు అనుమానమైంది. ఒక బుధవారం, మెడ మీద కత్తి ఆడుతుండగా, నేల వైపు చూస్తూనే అన్నాడు.

"పోశాలుగా, ఊళ్ళె తలకాయలు లేస్తున్నయిరా."

"ఎండలు గదా దొరా. చెమటకు మెడ చిటచిట అంటది, జర లేపుతరు."

"ఎండ గాదు. పోయినేడు నాకు నడినెత్తి కనబడేది. గిప్పుడు నొసలు కనబడుతున్నది. గిట్లనే ఇడిసిపెడితే రేపు కండ్లు కనబడ్తయి."

పోశాలు ఆ క్షణం నోరు మూసుకుని ఉంటే ఈ కథ లేదు. కానీ కొలత మాట వినబడగానే అతనికి నోట్లో నీళ్ళూరేవి.

"నీ బాంచెను దొరా, నొసలు కనబడ్డదంటె రెండు వేళ్ళు లేచినట్టు. నాకు అప్పజెప్పుండ్రి. ఎవని తల ఎన్ని వేళ్ళు వంగిందో గీత గీసినట్టు చెప్త."

దొర తల ఎత్తబోయాడు. "కదలకుండ్రి దొరా, కత్తున్నది" అన్నాడు పోశాలు. దొర మళ్ళీ వంచాడు. ఆ భంగిమలోనే ఊరికి కొత్త చట్టం పుట్టింది.

చట్టం ఏమిటంటే, ప్రతి సోమవారం గడీ కచేరీలో ఊరంతా వరసగా నిలబడాలి. దొర ఎదుట తల నాలుగు వేళ్ళకు తక్కువ వంగకూడదు. కొలిచేది పోశాలు. పుస్తకంలో రాసేది పట్వారీ.

పోశాలు పనిముట్టు తయారు చేసుకున్నాడు. మేస్త్రీలు గోడ నిలువు చూడటానికి దారానికి గుండు కట్టి వదులుతారు కదా, అదే లెక్క. అడవిలో ఎవరో బర్మారు తుపాకితో అడవిపందిని కాల్చబోతే గురి తప్పిన సీసపు గుండు ఒకటి అతనికి మర్రిమాను కాండంలో దొరికింది. దానికి దారం కట్టి, రెండో కొసన ఉచ్చు వేశాడు. ఆ ఉచ్చును మనిషి చెవికి తగిలిస్తే గుండు నిలువుగా కిందికి జారుతుంది. చెవి సరిగ్గా భుజమ్మీద ఉంటే దారం భుజాన్ని తాకుతుంది. అది సున్న. తల ముందుకు వంగినకొద్దీ దారం భుజానికి ముందు వేలాడుతుంది. ఆ ఖాళీలో పోశాలు తన వేళ్ళు పెట్టి చూస్తాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. అంతే. నిటారుగా కూర్చోమని స్కేలుతో వీపు మీద తట్టే కాన్వెంటు సిస్టరమ్మల కంట్లో ఆ దారం పడలేదు కాబట్టి సరిపోయింది. పడి ఉంటే జనగామ నుంచి మానుకోట దాకా బడిపిల్లలందరి చెవులకూ గుండ్లు వేలాడేవి.

మొదటి సోమవారమే పోశాలుకు ఒక సంగతి అర్థమైంది. మనిషి తల దొరను చూసి వంగడం తక్కువ, చేసే పనిని బట్టి వంగడం ఎక్కువ. మగ్గం గుంటలో కూర్చునే సాలెవాళ్ళు గడీకి రాకముందే అయిదు వేళ్ళు వంగి ఉన్నారు. నాట్లు వేసే ఆడవాళ్ళు నడుము దగ్గర సగానికి మడుచుకుని కూడా తల మాత్రం పైకే పెట్టారు. పక్క మడిలో ఎవరేమంటున్నారో చూడాలి కదా. గొర్లకాపరి కర్ర మీద గడ్డం ఆనించి పక్కకు ఒరిగాడు, దారం ముందుకూ పోలేదు, వెనక్కూ పోలేదు. గడీకి నీళ్ళు మోసే మార్తమ్మది సున్న. కుండ దించినా సున్నే.

"తల వంచవేందమ్మా?" అన్నాడు పట్వారీ.

"ఇరవై ఏండ్ల సంది నెత్తిన కుండలే మోస్తి. వంచితే గడీల నీళ్ళు ఎవలు తాగుతరు?" అంది మార్తమ్మ. "కావాలంటే మోకాళ్ళు వంచుత. మెడ నా మాట ఇనదు."

మోకాళ్ళకు దొర ఒప్పుకున్నాడు. అందరికంటే ఎక్కువ వంగినవాడు పట్వారీయే. పుట్టినప్పటి నుంచీ పుస్తకాల్లో ముక్కు పెట్టి ఎనిమిది వేళ్ళు ముందుకు పోయాడు. ఎదుటి మనిషి మొహం చూడాలంటే కుర్చీలోంచి లేచి రెండడుగులు వెనక్కి నడవాలి. ఆ కొలత ఆయన రాసుకోలేదు.

ఆ తర్వాత కొమురయ్య వచ్చాడు.

కొమురయ్య తాళ్ళు ఎక్కి కల్లు గీసేవాడు. ఊరి వరసకు పోశాలుకు బావ. ముప్పై ఏళ్ళుగా తాటిచెట్ల మొవ్వులు చూసి చూసి, కట్టిన లొట్టి కుండ నిండిందా లేదా అని మెడ చాచి చాచి, కిందటి శివరాత్రి నాటికి అతని మెడ వెనక్కి వాలి అక్కడే బిగుసుకుపోయింది. గడ్డం ఆకాశానికి చూపించినట్టు ఉండేది. మనుషులతో మాట్లాడినా మబ్బులతో మాట్లాడినట్టే.

పోశాలు దారం తగిలించాడు. గుండు భుజానికి ముందు కాదు, వెనక వేలాడింది.

"ఎంతరా?" అన్నాడు పట్వారీ, పుస్తకంలోంచి తల ఎత్తకుండా.

"ఎదురు మూడు."

ఇక్కడే తప్పు జరిగింది. పోశాలు చేతిలో కత్తికి రెండే దిక్కులు. గడ్డం పై నుంచి కిందికి గీస్తే వాలు. కింది నుంచి పైకి గీస్తే ఎదురు. ముందుకు వంగిన తల అతనికి వాలు, వెనక్కి పోయిన తల ఎదురు. అందులో మంచీ లేదు, చెడూ లేదు. పట్వారీ విన్నది విన్నట్టు రాశాడు. సాయంత్రం దొర పుస్తకం తెప్పించుకుని చూస్తే, అన్ని పేర్ల పక్కన అంకెలు, ఒక్క పేరు పక్కన మాత్రం అంకెకు ముందు ఒక మాట ఉంది. కొమురయ్య: ఎదురు మూడు.

"ఎదురా? నా ఊళ్ళె నాకు ఎదురా?" దొర లేచి నిలబడ్డాడు. "అనుకుంటనే ఉన్న. సంగపోడు గీ తాళ్ళళ్ళనే దాగి ఉంటడనుకున్న."

"దొరా, ఎదురంటె ఎనక్కి అని..." అని పోశాలు మొదలుపెట్టాడు.

"నువ్వు చెప్పిన మాటే గదరా?"

"చెప్పిన్నే దొరా, కానీ..."

"పోశాలు నోట తప్పు కొలత వస్తదా?"

పోశాలు దారం చుట్టి చేతిలో పట్టుకున్నాడు. రాదు అనే కదా ఇన్నేళ్ళు చెప్పుకున్నది.

దొర తీర్పు చెప్పాడు. వచ్చే సోమవారం కచేరీలో కొమురయ్య తల నాలుగు వేళ్ళు ముందుకు వంగాలి. వంగకపోతే అతని పన్నెండు తాళ్ళూ ఇంకొకరికి పోతాయి, అతను బందెలదొడ్డిలో పశువుల పక్కన ఉంటాడు.

పోశాలు ఇంటికొచ్చేసరికి గుమ్మంలో కొమురయ్య పెళ్ళాం యాకమ్మ కూర్చుని ఉంది.

"నీ నోట్లె మన్నువడ! ఎదురు అన్నవా? మా ఆయన ఎన్నడన్న చీమకన్న ఎదురు వోయిండా?"

"అక్కా, నేనన్నది కత్తి లెక్క..."

"కత్తి లెక్క నాకెందుకు? తాళ్ళు పోతె మేమేం తినాలె? నీ దారమా? నువ్వు వెట్టిన పేచీ నువ్వే తెంపు. సోమారం దాంక మా ఆయన మెడకాయ నీదే, ఏం జేస్తవో చెయ్."

మంగళవారమంతా పోశాలు ఆ మెడ మీదే గడిపాడు. ఆముదం మర్దన చేశాడు. వేడి ఉప్పు మూట కాచాడు. పాతికేళ్ళ అనుభవమంతా రెండు వేళ్ళలోకి తెచ్చి "తల వంచు" అన్నాడు. మెడ రాతి స్తంభంలా ఉంది. మెళ్ళో కల్లు లొట్టి కట్టాడు, బరువుకైనా వంగుతుందని. కొమురయ్య మెడ వంచలేదు సరికదా, లొట్టినే మూతి దాకా ఎత్తుకుని తాగేశాడు.

"బావా, ఎందుకు పరేషానవుతవు?" అన్నాడు తాగి. "ఆకాశం మంచిగనే ఉన్నది. కింద చూడదగ్గది ఏమున్నది చెప్పు?"

"నీ తాళ్ళున్నయి, నీ పెండ్లామున్నది."

"తాళ్ళు పైకే ఉన్నయి గద."

చివరికి పోశాలుకు ఒక ఉపాయం తట్టింది. తల వంగకపోతే ఒళ్ళు వంగాలి. ఒళ్ళు వంగితే దాని మీదున్న తల దానంతటదే ముందుకు పోతుంది, దారం ముందుకు పడుతుంది. కొమురయ్యను నడుము దగ్గర వంచాడు. దారం ముందుకు పడింది. నాలుగు కాదు, పన్నెండు వేళ్ళు. పోశాలు ఎగిరి గంతేశాడు. తర్వాత ముందుకు వచ్చి చూశాడు. నడుము వంగింది, మెడ మాత్రం పైకే ఉంది. కొమురయ్య కుమ్మడానికి సిద్ధమైన ఎద్దులా, కింది నుంచి నేరుగా తన కళ్ళల్లోకి చూస్తున్నాడు.

"గిట్ల దొర ముంగట నిలబడితె తాళ్ళు గాదు, ప్రాణమే పోతది" అంది యాకమ్మ.

బుధవారం పొద్దున పోశాలు గడీకి పోయాడు. దొర పీట మీద కూర్చోలేదు, నిలబడే ఉన్నాడు.

"గడ్డం తర్వాత. ముందు నా కొలత చూడు. పుస్తకంల మొదటి పేరు నాదే ఉండాలె. అందరి తలలు దేనికన్న వంగాలె గదా, ఆ సున్న నేనే."

పోశాలు దొర చెవికి దారం తగిలించాడు. చూశాడు. తీసి మళ్ళీ తగిలించాడు. రెండో చెవికి తగిలించాడు. సున్న అనడానికి నోరు తెరిచాడు. రాలేదు. ఎంత గుంజినా ఆ మాట గొంతులోంచి రాలేదు.

"ఆరు దొరా."

"ఆరా? ఎదురా?"

"కాదు దొరా. వాలే. ముందుకే."

దొర చెవికున్న దారం తీసి చూశాడు. "ఊరు ఎంత?"

"ఊరు నాలుగే దొరా."

"అంటే నేను ఊరికన్న ఎక్కువ వంగిన్నారా?"

"మీ తప్పు గాదు దొరా. ముప్పై ఏండ్ల సంది మేడ మీద నిలబడి కిందికి చూస్తిరి. ఊరంత కిందనే ఉండె. ఇగ మెడ ఎటు పోతది? అటే పోయింది."

దొర మొహం చింతపండులా అయిపోయింది. తలుపులు మూయించాడు. ఈ ఆరు సంగతి బయటికి పొక్కితే పోశాలు నాలుక ఉండదన్నాడు. సోమవారానికి తన చెవి తన భుజమ్మీదికి రావాలన్నాడు.

పోశాలు పనివాడు. మనిషి ఎవరన్నది పక్కన పెడితే, వంకరగా ఉన్నదాన్ని సరిచేయమంటే అతని చేతులు ఊరుకోవు. ఎడ్లబండి ముందుకు మొగ్గితే వెనక మూట పెడతారు. తల కూడా అంతే. దొర తలకు పెద్ద రుమాలు చుట్టి, దాని కొసను వెనక్కి జారవిడిచి, ఆ కొసకు గడీ కొట్టులోంచి తెచ్చిన రెండు సేర్ల తూకపురాయి కట్టాడు.

గురువారానికి చెవి భుజమ్మీదికి వచ్చింది. సున్న. దొర అద్దంలో చూసుకుని మురిశాడు. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కానీ సున్న కంటే కొంచెం వెనక్కి ఉంటే దర్జాగా ఉంటుందని శుక్రవారం పోశాలుకు చెప్పకుండానే ఇంకో సేరు రాయి కట్టించుకున్నాడు. శనివారానికి గడ్డం లేచింది. ఆదివారం పొద్దున రాయి విప్పారు. తల కిందికి రాలేదు. మెడ పట్టేసింది.

లీలావతి దొరసాని పోశాలును పిలిపించింది. "ఏం జేసినవురా మా దొరను? అన్నం కంచం కనబడుతలేదంటున్నడు. పొద్దున్నుంచి ఇంటి కప్పుకు బల్లులు ఎన్నున్నయో లెక్కవెడుతున్నడు. ముప్పై ఎనిమిదట."

"మూడొద్దులల్ల తగ్గుతది దొరసానమ్మా" అన్నాడు పోశాలు. అతని బుర్రలో మాత్రం ఒకటే తిరుగుతోంది. సోమవారం రేపే.

సోమవారం కచేరీ ఆగలేదు. దొర ఆపమనలేదు. ఇద్దరు జీతగాళ్ళు ఆయన్ను చెరో చేయి పట్టుకుని నడిపించుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టారు. కుర్చీ మీద దొర, దొర చూపు వాకిలి కమాను దాటి ఆకాశంలో. పక్కన పట్వారీ, పట్వారీ చూపు పుస్తకంలో. ఆ రెండు చూపుల మధ్యా ఊరు నిలబడింది. అందరూ అలవాటు కొద్దీ తలలు వంచారు.

"పట్వారీ, అందరు వంగిండ్రా?" అన్నాడు దొర ఆకాశంతో.

"వంగిండ్రు దొరా" అన్నాడు పట్వారీ పుస్తకంతో. పోయిన వారం అంకెలు ఆయన కళ్ళముందే ఉన్నాయి కదా.

ఇద్దరిలో ఎవరూ ఊరిని చూడటం లేదన్న సంగతి మొదట మార్తమ్మ కనిపెట్టింది. ఆమె తల ఎప్పుడూ నిటారుగానే ఉంటుంది కాబట్టి చుట్టూ చూసేది ఆమె ఒక్కతే. పక్కనున్న ఆమెను మోచేత్తో పొడిచింది. ఆ తల లేచింది. దాని పక్క తల లేచింది. వెనక వరస నుంచి ముందుకు, చప్పుడు లేకుండా, గాలికి వరిచేను లేచినట్టు తలలు లేచాయి. పోశాలుకు అలవాటు, చెవులూ భుజాలూ తప్ప ఇంకేం చూడడు. సున్న. సున్న. సున్న. సాలెవాళ్ళు కూడా ఎలాగో కష్టపడి ఒక వేలు వరకు తెచ్చారు.

"ముందు నాది చూడు" అన్నాడు దొర.

పోశాలు దారం తగిలించాడు. గుండు కుర్చీ వెనక ఊగింది.

"ఎంతరా?"

చెప్పక తప్పదు. "ఎదురు మూడు దొరా."

పట్వారీ విన్నది విన్నట్టు రాసి, పద్ధతి ప్రకారం పైకి చదివాడు. "దొరవారు. ఎదురు మూడు."

వెనక ఎవరికో దగ్గు వచ్చింది. ఆ దగ్గు పక్కవాళ్ళకు అంటుకుంది.

"ఎవడ్రా ఎదురు?" అన్నాడు దొర.

"మీరే దొరా" అన్నాడు పట్వారీ.

"ఎవనికి ఎదురు?"

పట్వారీ పుస్తకం అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఊళ్ళె ఉన్న దొర మీరొక్కరే గద దొరా. మీకే."

"కొట్టెయ్!" దొర అరిచాడు. "ఎదురు అన్న మాటే బుక్కుల ఉండొద్దు! ఎక్కడున్న కొట్టెయ్!"

పట్వారీ ఎక్కడున్నా కొట్టేశాడు. పుస్తకం మొత్తం మీద ఆ మాట రెండే చోట్ల ఉంది. దొర పేరు పక్కన ఒకటి, కొమురయ్య పేరు పక్కన ఒకటి.

పోశాలు ఊపిరి పీల్చుకోబోయాడు. కానీ దొర మరిచిపోయే రకం కాదు.

"వాడేడి, ఆ గీతపోడు? నాలుగు వేళ్ళు వంచమన్న. వంచమను."

యాకమ్మ మొగుణ్ణి ముందుకు తోసింది. కొమురయ్య వచ్చి నిలబడ్డాడు. కుర్చీలో దొర, ఎదురుగా కొమురయ్య, ఇద్దరి గడ్డాలూ ఒకే ఎత్తులో పైకి లేచి ఉన్నాయి. కమాను మీద ఒక కాకి వాలింది. ఇద్దరూ ఆ కాకినే చూశారు.

"వంచిండా?" అన్నాడు దొర కాకితో.

పోశాలు మార్తమ్మ వైపు చూశాడు. ప్రార్థన ఇంట్లో అబద్ధమాడనని ఒట్టు పెట్టుకున్న మనిషి ఆమె. ఆమె కుండ సర్దుకుంది.

"వంచిండు దొరా" అంది.

"మస్తు వంచిండు దొరా" అన్నాడు గొర్లకాపరి.

"ముక్కు నేలకు తాకింది దొరా!"

"ఇంక వంచితే బోర్లవడ్తడు దొరా, జర ఆపమనుండ్రి!"

"మీరు నోరు మూయుండ్రి" అన్నాడు దొర. "నాకు కొలత కావాలె. పోశాలుగా! ఎన్ని వేళ్ళు?"

పోశాలు కొమురయ్య చెవికి దారం తగిలించాడు. గుండు ఎప్పటిలాగే వెనక్కి పోయి వీపుకు తగిలింది. ఎదురు మూడు. ఎవరు చూసినా ఎదురు మూడే. యాకమ్మ అతని నోటి వైపు చూస్తోంది. ఊరంతా అతని నోటి వైపే చూస్తోంది, ఈసారి కళ్ళెత్తి. మీసం కొసల్లో బియ్యపుగింజంత తేడా కూడా ఒప్పుకోని నోరు అది. దొరకు కూడా ఆరును సున్న అని చెప్పలేకపోయిన నోరు.

"నాలుగు దొరా" అన్నాడు. దారం విప్పుకుంటూ, "నిండు నాలుగు" అన్నాడు.

పట్వారీ రాశాడు. కొమురయ్య: నాలుగు. తాళ్ళు మిగిలాయి. కొమురయ్య కాకిని చూస్తూనే, "బావా, పోయి కల్లు తాగుదమా?" అన్నాడు.

తర్వాత సంగతులు చకచకా జరిగాయి. మూడు రోజుల్లో తగ్గుతుందన్న దొర మెడ మూడు నెలలైనా తగ్గలేదు. ప్రతి సోమవారం ఆయన అడిగేవాడు, వంగిండ్రా అని. ప్రతి సోమవారం ఊరు నిటారుగా నిలబడి, వంగినమని చెప్పేది. అలా నిలబడటం అలవాటైపోయాక సంగం వాళ్ళు ఊళ్ళోకి వస్తే, వాళ్ళు ఉపన్యాసంలో "తలలెత్తండి" అన్నచోట జనం ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఇంకెంత ఎత్తాలో వాళ్ళకు తెలియలేదు. దొర ఒక పొద్దున సవారీ బండిలో వెల్లకిలా పడుకుని హైదరాబాదు పోయాడు. దారి పొడుగునా ఎవరు నిలబడి చూశారో ఆయనకు తెలియదు. సంగం దళంలో ఒకతను పోశాలు దారం చూసి, "అన్నా, ఈ గుండు బర్మారుకు పనికొస్తది" అని విప్పుకుపోయాడు. మార్తమ్మ ఆ ఆదివారం ప్రార్థనలో క్షమాపణ అడిగింది. సగం దాకా అడిగి నవ్వు ఆపుకోలేక బయటికి వచ్చేసిందంటారు.

కథ ఊళ్ళు పట్టుకుని పోయింది. మానుకోట చేరేసరికి మూడు సేర్ల రాయి తిరగలి అయింది. టేకుమట్ల చేరేసరికి నాలుగు వేళ్ళు మూరెడయ్యాయి. ఎవరు ఎలా చెప్పినా చివర ఒకటే మాట. పోశాలు జన్మలో చెప్పిన ఒకే ఒక్క తప్పు కొలత అది అని.

పోశాలు ముసలివాడయ్యాక కూడా కొడకండ్ల అంగడిలో రేకుల కింద కుర్చీ వేసుకుని పని చేసేవాడు. పక్కన బల్ల మీద కొమురయ్య గడ్డం పైకి పెట్టి కూర్చునేవాడు. గడ్డానికి వచ్చినవాళ్ళు ఎవరో ఒకరు అడగక మానరు, నిజమేనా తాతా అని. పోశాలు కత్తి ఆపేవాడు.

"ఎవలు చెప్పిండ్రు నీకు? సుద్ద అబద్ధం. దొర నెత్తికి నేను రాయి కట్టిన్నా? నేను చూస్తె దొర మెడ మంచిగనే ఉండె. దారం లేదు, గుండు లేదు, కచేరీ లేదు. గీ కొమురయ్య ఎవలో నాకు ఎర్కనే లేదు, ఎండకు వచ్చి కూసున్నడు, గంతే. ఇగ తప్పు కొలతంటవా? పోశాలు నోట తప్పు కొలత ఎన్నడు రాలేదు. గీ కతంత ఎవడో పనిలేనోడు పుట్టిచ్చిండు. తల వంచు."